దొరగారి షికారు

అక్కా,

పాపకి కడుపునొప్పి ఇంకా తగ్గలేదని రాశావు. బడి ఎగ్గొట్టడానికి చిన్నప్పుడు నాకు వచ్చే నొప్పే అయివుంటుంది. అన్నీ పిన్ని పోలికలే, కంగారు పడకు.

ఇక నా గోడు విను. ఫోనులో చెబుదామంటే మీ మరిది పక్కగదిలోనే ఉన్నాడు. అందుకే మీ వైపు వచ్చే మా యూనివర్సిటీ జీపు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మేం చేసే పని నీకు తెలుసుగా. పాత బ్యాటరీలు పగలగొట్టే పేటలో మనుషుల రక్తంలో, వాళ్ళు పెంచుకునే కుక్కల రక్తంలో సీసం ఎంత చేరిందో చూస్తున్నాం. పోల్చి చూడటానికి ఆ పేటకి దూరంగా పెరిగిన కుక్క కూడా కావాలంటే, సోఫా దిగని మా దొరగారి రక్తమే ఇచ్చాను. తీరా చూస్తే వాడిలోనూ ఆ పేట కుక్కలంత సీసం ఉంది. "మీ ఇంట్లోనే ఏదో ఉందమ్మా" అన్నారు మా ప్రొఫెసర్. గోడల రంగు గీకి చూశాను, కుళాయి నీళ్ళు చూశాను, దొరగారి పళ్ళెం కూడా వదల్లేదు. ఎక్కడా ఏమీ లేదు.

ఇక మిగిలింది మీ మరిదే. రోజూ సాయంత్రం కుక్కని పార్కుకి తీసుకెళ్ళేది ఆయనే. తిన్న పళ్ళెం తీయని మనిషి, తిరిగొచ్చాక గేటు బయటే దొరగారి కాళ్ళు సబ్బు పెట్టి కడుగుతున్నాడు. తన చొక్కా తనే ఉతుక్కుంటున్నాడు. పార్కులో అంత మురికి ఏమిటంటే, "గడ్డి తడిగా ఉంది" అన్నాడు. వాన పడి ఎన్నాళ్ళయిందో నీకూ తెలుసు. కుక్కని అడ్డం పెట్టుకుని ఎవరింటికో వెళుతున్నాడక్కా. ఏడుపొస్తోంది. బావ చెవిలో ఏమైనా వేశాడేమో, మెల్లగా అడిగి చూడు.

నీ చెల్లెలు

అక్కా,

బావని అడిగితే "వాడు బంగారం" అన్నాడని రాశావు. అడిగీ అడగగానే అలా వెనకేసుకొచ్చాడంటే ఆయనకీ ఏదో తెలిసే ఉంటుంది. నువ్వు అదృష్టవంతురాలివి, బావ నీ దగ్గర ఏదీ దాచడు.

రేపు మీ మరిది ఆఫీసు పని మీద ఊరెళుతున్నాడు. గొలుసు నేనే పట్టుకుంటాను. దొరగారు ఎటు లాగితే అటే పోతాను. ఎవరి గుమ్మంలో తోక ఊపుతాడో చూస్తాను. పాప ఊరికే చిరాకు పడుతోందని, వచ్చిన ఎక్కాలు కూడా మరిచిపోతోందని రాశావు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు నా మనసు మనసులో లేదు.

నీ చెల్లెలు

అక్కా,

ఇది బావ లేనప్పుడు చదువు.

దొరగారు పార్కు వైపు తలైనా తిప్పలేదు. రైలు పట్టాలు దాటించి ఒక రేకుల షెడ్డుకి లాక్కుపోయాడు. మా సర్వేలో లేని షెడ్డు అది. లోపల ఎవరో సుత్తితో బ్యాటరీలు పగలగొడుతున్నారు. దొరగారు ఉరికి ఆ మనిషి ఒళ్ళో కూర్చున్నాడు. ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పితే, బావ.

"నా కొట్టు మూతపడిందని మీ అక్కకి చెప్పలేకపోయా. మీ ఆయన పాపం సాయానికి వస్తున్నాడు. నువ్వూ చెప్పకు" అన్నాడు.

మీ మరిది ఊరి నుంచి రాగానే నిలదీశాను. "నీకు చెబితే మీ ప్రొఫెసర్‌కి చెప్తావు. మీ అక్కవాళ్ళ నోటి దగ్గర కూడు పోతుంది. మనింట్లోకి దుమ్ము రాకుండా కడుగుతూనే ఉన్నాగా" అన్నాడు. ఇంకో ఆడది ఉన్నా ఇంత అసహ్యం వేసేది కాదేమో. తన ఇంటికి వద్దనుకున్న దుమ్ము మీ ఇంటికి పోతుందని ఆయనకి తట్టనే లేదట.

కొట్టు దుమ్మనుకుని నువ్వు చేత్తో రుద్ది ఉతికే చొక్కాలు అవేనక్కా. బావ గుమ్మంలో కాలు పెట్టగానే పాప ఎగిరి ఎక్కేది ఆ చంకే. కడుపునొప్పి, చిరాకు, మరుపు. ఆ పేటలో ప్రతి తల్లినీ నేను అడిగే ప్రశ్నలే ఇవి. నువ్వు అడగకుండానే రాస్తే నవ్వేశాను.

షెడ్డు సంగతి ప్రొఫెసర్‌కి చెప్పేశాను. మూయిస్తారు. బావ ఇక నా మొహం చూడడు, నువ్వూ చూడకపోవచ్చు. తిట్లన్నీ తర్వాత తిడుదువుగాని, ముందు ఈ ఉత్తరం తెచ్చిన జీపులోనే పాపని తీసుకుని రా. పాప రక్తం నేనే తీస్తాను. బట్టలేమీ సర్దకు, నా చీరలున్నాయి, పాపకి కొత్తవి కొన్నాను.

గేటు బయట బకెట్టు నిండా నీళ్ళు, సబ్బు పెట్టి మీ మరిది నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఆ సబ్బు కుక్కకే దక్కింది.

నీ చెల్లెలు