ఫిబ్రవరి జీతం

నాందేడ్,
మార్చి 1974.

పూజ్యులైన అన్నయ్యకు చెల్లెలి నమస్కారాలు.

మీకు ఎదురుచెప్పడం నాకు అలవాటు లేదు. కానీ నా దగ్గర ఉంటున్న నాగనాథ్ జూదంలో డబ్బు పోగొట్టాడని, ఆదివారం వచ్చి వాడి బ్యాంకు ఉద్యోగం మాన్పించి ధర్మాబాద్‌లో మీ ధాన్యం దుకాణంలో కూర్చోబెడతారని విన్నప్పటి నుంచి నాకు జపం మీద మనసు నిలవడం లేదు. అందుకే రాస్తున్నాను.

మీ కొడుకు జూదం ఆడలేదు. ఏడాది ఆదాయపు పన్నంతా వాళ్ల బ్యాంకు ఫిబ్రవరి జీతంలోనే కోసుకుంది. అందుకే మీకు సగమే పంపాడు. మొదట నాకూ అర్థం కాలేదు.

"ఎనిమిది వందలకు సంతకం పెట్టి తక్కువ తెచ్చుడేంది బిడ్డా?" అని అడిగాను.

"అత్తా, రైతు జొన్నలు తెస్తే నాయన ఏం జేస్తడు? కమీషను, హమాలీ, ధర్మాదాయం కోసుకొని మిగిలిందే చేతుల పెడ్తడు. అన్నీ పట్టీ మీద రాసిస్తడు. నాకు గూడ గట్లనే కోసిండ్రు."

"గా మాటే నాయనకు చెప్పరాదు?"

"రైతు నమ్మకపోతే నాయన పట్టీ సూపిస్తడు. నేను జీతం స్లిప్పు సూపిస్తనంటే దొంగ కాగితమన్నడు. ఇగ నేను జెప్ప."

అన్నయ్యా, వాడు పెట్టె సర్దుకుంటున్నాడు. మీతో రావడానికి కాదు. ఎక్కడికో నాకు చెప్పడం లేదు. మీరు రాగానే కోప్పడకుండా ఆ స్లిప్పు అడిగి తీసుకుని చదవండి.

నా ఈ ఉత్తరం మీ దగ్గరే దాచుకోండి. వాడికి మాత్రం చూపవద్దు. ఎవరో బతిమాలితే కాదు, తండ్రి తనంతట తానే నమ్మాడని వాడు అనుకోవాలి.

మీ చెల్లెలు