బీప్‌మని ఆగిన పేరు

శ్రీవారికి మీ ఆవిడ నమస్కారాలు. ఇక్కడ నేనూ, అత్తయ్యా కులాసా. గొంతు ఆపరేషన్ దాకా పెదవి విప్పకూడదని డాక్టరుగారు మీకు కట్టడి చేశారు కాబట్టి ఫోను పక్కన పెట్టి కలం పట్టాను. మధ్యలో అడ్డు రాకుండా మీరు నా మాట పూర్తిగా వినడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. "వాడు వేళకి తింటున్నాడో లేదో రాయమను" అని పొద్దున్నించీ నా ప్రాణం తీస్తున్నారు. దయచేసి రాయండి.

మన రికార్డింగు స్టూడియో సంగతులు అడిగారు. కొత్త కంప్యూటరుతో నా తిప్పలు పగవాళ్ళకు కూడా వద్దు. మౌసు లేదు, నల్లటి తెర మీద అన్నీ టైపు చేసే చెప్పాలి. ఫైలు పేరు మొత్తం కొట్టక్కర్లేదట, నాలుగక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతాది అదే పూరిస్తుందట. మన మేనేజరేమో ప్రతి పేరూ పుస్తకం పేరుతోనే మొదలవ్వాలన్నారు. దాంతో ట్యాబ్ నొక్కగానే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ముక్క దాకా పరుగెత్తి, ఏది కావాలో తేలక బీప్‌మని మొండికేస్తుంది. రోజంతా అదే గోల. "అక్కా, తిడితే దానికి వినపడదు" అంటాడు పక్క సీటు ఎడిటరు. "నాకు వినపడుతుందిగా, హాయిగా ఉంటుంది" అన్నాను.

'గొంతు బొంగురుపోతే నన్ను మళ్ళీ మైకు ముందు కూర్చోనిస్తారా' అని ఉత్తరం అడుగున రాశారు. దానికి జవాబు చెప్పేముందు ఇంకొకటి చెప్పాలి. ఇందాకటి నుంచీ అత్తయ్య మోకాలు అడ్డం పెట్టుకుని తప్పించుకుంటున్నాను.

చూపు లేనివాళ్ళ కోసం మీరు చదివిన ఆ పెద్ద నవల ఆఖరి అధ్యాయం పోయింది. నేనే చెరిపేశాను. బాగా వచ్చిన ముక్కల ఫోల్డరుకి పుస్తకం పేరు పక్కన 'ఆఖరు' అనీ, దగ్గు పడ్డవాటికి 'ఆఖరు-పాడు' అనీ పేరు పెట్టాను. పాడైనవి తీసేద్దామని చెరిపే ఆజ్ఞ కొట్టి, ట్యాబ్ నొక్కాను. 'ఆఖరు' దాకా పూరించి బీప్‌మంది. ఎప్పుడూ ఉండే గోలేలే అనుకుని, తెర వైపు చూడకుండా, '-పాడు' చేర్చకుండానే ఎంటర్ కొట్టాను. ఇంకోచోట కాపీ తీసి పెట్టలేదు. మీ దగ్గులు భద్రంగా ఉన్నాయి, అధ్యాయం లేదు. వాష్‌రూంలోకి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాను.

"వేరేవాళ్ళతో చదివిద్దాం లెండి" అన్నారు మేనేజరు. నేను ఒప్పుకోలేదు. "పుస్తకమంతా ఆయనతో నడిచిన శ్రోతల్ని గుమ్మం దగ్గర ఇంకొకరికి అప్పగిస్తారా?" అన్నాను. మేనేజరు కాసేపు గొణిగి, "సరే, ఆయన వచ్చేదాకా ఆపుతాను" అన్నారు.

కాబట్టి మైకు ముందు కుర్చీ మీదే. బొంగురుగా వచ్చినా, జీరగా వచ్చినా ఆ అధ్యాయం మీరే చదవాలి. ఎలా వస్తుందోనని నాకూ భయంగానే ఉంది. మీరంత ప్రేమగా చదివిన గొంతుని నా చేత్తో పోగొట్టుకున్నానని రోజూ కుమిలిపోతున్నాను. కోపమొస్తే కాగితం మీద మాత్రం తిట్టకండి. అట్టే పెట్టుకోండి. గాయం మానాక ఇంటికొచ్చి నోరారా తిట్టండి, ఒక్క మాట ఎదురు చెప్పకుండా వింటాను.

ఇట్లు,
తిట్లకి కాచుకుని ఉన్న
మీ ఆవిడ