స్టెల్లా ఒంట్లో పెద్దమనుషులు

2025 జనవరి 21, మంగళవారం

తీసుకున్నారు. మా స్టెల్లాను కొత్త వైద్యం ట్రయల్‌లోకి తీసుకున్నారు.

హైదరాబాదు నుంచి హరిచందన డాక్టరమ్మ ఫోన్ చేసినప్పుడు నేను గేదెకు మేత వేస్తా ఉన్నా. గడ్డిమోపు అట్లనే పడేసి ఇంట్లోకి ఉరికినా. నా ఆడమనిషి ఎలీషబా ఏదో చెడ్డవార్త అనుకోని గోడ పట్టుకుంది. కాదే పిచ్చిదానా, మంచిదే అన్నా. ముగ్గురం ఏడ్చినాం. గేదె మాత్రం మోపంతా తినేసింది.

ఏడో తరగతి చదివినోడికి డైరీ ఎందుకన్నా అని నా తమ్ముడు శ్యాంసన్ నవ్వుతాడు. వాడు మా చర్చి సంఘ పెద్ద, ఏమన్నా అంటాడు. ఎందుకంటే ఈ సంతోషం పట్టే చోటు ఇంట్లో లేదురా.

మా బిడ్డ జబ్బు పేరు క్రోన్స్. పేగుల్లో పుండ్లు. ఏడేండ్లైంది. పొదిలిలో ప్రైవేటు స్కూల్లో టీచరుగా ఉండేది, అరగంట కూడా బస్సులో కూర్చోలేక మానేసింది. బాత్రూం లేని చోటికి పోదు. పెండ్లిండ్లు లేవు, చర్చి లేదు. ఇంట్లోనే జాకెట్లు కుడతా ఉంది. ఊరికి మాత్రం గ్యాస్ ట్రబుల్ అని చెప్పుకుంటా వచ్చినాం. స్టెరాయిడ్ ఇచ్చినారు, ఇంజెక్షన్లు వేసినారు, కొన్నాళ్లు పనిచేసి మొరాయించినాయి. పేగు కోసి, మలం పోను పొట్టకు సంచి పెట్టాల్సి రావచ్చని పోయిన ఏడాది చెప్పినారు. ఆ సంచి రాకూడదు. అందుకే ఈ ట్రయల్.

ఫిబ్రవరి 6, హైదరాబాదు

సంతకం నేను పెడతానంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. స్టెల్లానే పెట్టాలంట. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చంట. ఇది పరీక్ష మాత్రమే, బాగైతాదని మాటియ్యలేము పెద్దాయనా అని మళ్లీ మళ్లీ చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా నా మొహాన నవ్వు పోలేదు. ఆమె కూడా చివరికి నవ్వేసింది.

బిడ్డ ఒక చేతి నుంచి రక్తం మిషన్లోకి పోయింది. తెల్లకణాలు అక్కడ ఆపుకోని, మిగతా రక్తం ఇంకో చేతిలోకి పంపించినారు.

నాకు అర్థమయ్యేట్టు చెప్పమంటే ఇట్ల చెప్పింది. ఒంట్లో రోగాన్ని కొట్టే కణాలు ఉంటాయంట. స్టెల్లా ఒంట్లో అవి తిక్కబట్టి సొంత పేగునే కొడతా ఉండాయి. ఇంక చాలు, ఆపండ్రా అని చెప్పే కణాలు వేరే ఉంటాయంట, పెద్దమనుషుల లెక్క. వాటిని ఏరి, ల్యాబులో సాకి, పెంచి, మళ్లీ ఎక్కిస్తారు.

మా ఊర్లో పెద్దమనుషులు ఎక్కువయ్యే గొడవలు పెరిగినాయమ్మా అన్నా. పక్కనుండే నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మార్చి 12

ఎక్కించినారు. ఆ ప్యాకెట్టు చూస్తే మా ఇంటి ఉప్పు పొట్లమంత కూడా లేదు. దాంట్లో అంతమంది పెద్దమనుషులంట!

సాయంత్రానికి చలిజ్వరం వచ్చింది. వస్తే రావచ్చని ముందే చెప్పినారు గానీ, బిడ్డ పండ్లు పటపటలాడతా ఉంటే ఆ మాట ఎవురికి గుర్తుంటాది.

మార్చి 13

జ్వరం దిగింది. ఇడ్లీ అడిగింది. అడిగింది!

ఏప్రిల్ 19, శనివారం

మార్కాపురంలో బస్సెక్కి పొదిలిలో దిగినాం. మధ్యలో ఎక్కడా ఆపమనలేదు.

దారి పొడుగునా నేను బయటికి చూడలేదు, బిడ్డ మొహమే చూసినా. నాయనా, కండక్టరు మనల్నే చూస్తా ఉండాడు, ఏడుపు ఆపు అనింది. నేను ఏడుస్తా ఉన్నానని అప్పుడు తెలిసింది. కండక్టరుకు చెప్పినా, మా అమ్మాయి పొదిలి దాకా వచ్చింది స్వామీ అని. బస్సెక్కినోళ్లంతా పొదిలికే వస్తారు పెద్దాయనా, కొంచెం తాగింటే వెనక సీట్లో కూర్చో అన్నాడు. పుట్టినప్పటి నుంచి చుక్క ముట్టనోడిని, ఈరోజు ఆ మాట కూడా మురిపెంగానే ఉంది.

ఏప్రిల్ 20, ఈస్టరు

ఆరాధన కాంగానే లేచి నిలబడినా. జూన్‌లో మా ఇంట్లో కృతజ్ఞత కూటం, సంఘమంతా రావాల, కోడికూర అన్నం అని చెప్పేసినా. కొలనోస్కోపీలో పేగు చూడకముందే ఎందుకు చెప్పినావ్ నాయనా అని స్టెల్లా కోప్పడింది. పడనీ. ఏడేండ్ల తర్వాత కోప్పడే ఓపిక వచ్చింది.

మే 14

మళ్లీ మొదలైంది. మూడు రోజుల నుంచి మోషన్స్. ఎలీషబా అన్నం తినడం లేదు. స్టెల్లా బాత్రూం వదలడం లేదు. నేను గేదె దగ్గర కూర్చున్నా.

మే 15, పొద్దున్నే

తెలిసింది.

పోయిన వారం మా చర్చిలో ఉజ్జీవ ప్రార్థన కూటాలకు బయటి నుంచి ఒక దైవసేవకుడు వచ్చినాడు. ప్రార్థన చేసిన నూనె సీసాలు పంచినాడు. తలకు పూస్తే చాలదు, తాగించాల అని చెప్పినాడంట. ఎలీషబా దాన్ని రోజూ బిడ్డ రాగిజావలో కలుపుతా వచ్చింది. ఎవురికీ చెప్పలేదు. ఈరోజు సీసా చేతబట్టుకోని వచ్చి నా ముందర కూర్చుంది. కొంచెం మిగిలిన జబ్బు కూడా పోవాలని పోసినానయ్యా అనింది. మూత తీసి వాసన చూసినా. ఆముదం. దాంట్లో ఇంకేం కలిసినాయో దేవునికే తెలియాల.

తిట్టాలనుకున్నా. మూత పెట్టి సీసా పక్కన పెట్టినా.

అదే రోజు, మధ్యాహ్నం

శ్యాంసన్ వచ్చినాడు. ఆస్పత్రికి చెప్పొద్దన్నా అన్నాడు. బయటిది తాగిందని తెలిస్తే ట్రయల్ నుంచి పేరు తీసేస్తారంట. నాకూ భయమేసింది, అబద్ధం ఎందుకు. తీసేస్తే మళ్లీ ఆ సంచే కదా. కానీ చెప్పకపోతే వాళ్లు పెద్దమనుషుల కణాలే పనిచేయలేదని రాసుకుంటారు. ఆ రాతను నమ్మి రేపు ఇంకో బిడ్డకు ఈ మందు లేకుండా చేస్తారు.

వాడు ఆగలేదు. అసలు పేదోళ్ల రక్తం తీసి పరీక్షలు చేసుకుంటా ఉండారు, నీకు సిగ్గు లేదా అన్నాడు. అప్పుడు నాకు తిక్క లేచింది. ఒరే శ్యాంసన్, ముప్పై ఏండ్లు పలకల ఫ్యాక్టరీలో దుమ్ము నా ఊపిరితిత్తుల మీద పరీక్ష చేసింది, అప్పుడు ఏ నాకొడుకన్నా నన్ను సంతకం అడిగినాడా? వీళ్లు అడిగినారు. వద్దంటే మానుకో అని కూడా చెప్పినారు. వాడు చెప్పులేసుకోని పోయినాడు.

ఫోన్ నేను చేద్దామనుకున్నా. స్టెల్లా లాక్కుంది.

"మేడం, నేను నూనె తాగినాను. తెలియక తాగినాను, కానీ తాగినాను. రాసుకోండి. తీసేయాలంటే తీసేయండి."

మా అమ్మ పోసిందని చెప్పలేదు. ఆ పక్క గదిలో ఎలీషబా వింటా ఉంది.

మే 17, హైదరాబాదు

నూనె ఆపేసినాం. సీసా కూడా తెమ్మన్నారు, తెచ్చినాం. రక్తం, మోషన్ టెస్టులు చేసినారు. పెద్ద డాక్టర్లు కూర్చోని మాట్లాడుకోవాలంట. బిడ్డ కుర్చీలో కూర్చోని నా భుజం మీద నిద్రపోయింది.

మే 22

తీసేయలేదు! పుండ్లు మళ్లీ రేగిన గుర్తులు లేవంట, నూనె వల్లనే అయ్యుండొచ్చు అనింది డాక్టరమ్మ. జరిగిందంతా రికార్డులో ఉంటాదంట, ఉండనీ. చెప్పి మంచిపని చేసినారు అని కూడా అనింది. ఫోన్ స్పీకర్లో పెట్టి ఎలీషబాకు ఆ మాట మళ్లీ చెప్పించినా.

జూన్ 11

కొలనోస్కోపీ అయింది. టీవీలో పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూపించినారు. పాతది వాన కొట్టిన మట్టిరోడ్డు, గుంతలు, ఎరుపు. కొత్తది నున్నగా, లేత గులాబీగా ఉంది. ఒక్క చోట ఇంకా పుండు ఉంది. సంచి మాట ఇప్పుడు లేదు. ఇప్పుడు లేదు అంటే ఎప్పటికీ రాదని కాదు, ఇంకా చూస్తా ఉండాల అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తల ఊపినా. బయటికొచ్చి ఆ ఫోటో ఆటో అబ్బాయికి చూపించినా. ఏంది పెద్దాయనా ఇది అన్నాడు. మా అమ్మాయి పేగు అన్నా. మీటరు వేయడం మరిచిపోయినాడు.

జూన్ 22, ఆదివారం

కూటం జరిగింది. సంఘమంతా వచ్చింది. శ్యాంసన్ కూడా వచ్చినాడు, ఒట్టి చేతులతో కాదు. ఆ నూనె సేవకుని మనుషులను తీసుకొచ్చినాడు. వాళ్లు ముందు వరసలో ఫోన్ స్టాండు పెట్టినారు. నూనెతో బాగైనానని బిడ్డ సాక్ష్యం చెప్తే వీడియో తీసుకోని పోతారంట. మందులు ఈరోజుతో పారేస్తానని కూడా చెప్పాలంట, విశ్వాసం అంటే అదంట. నేను స్టాండు పీకేద్దామని లేస్తా ఉంటే స్టెల్లా నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. తనే లేచింది. ఫోన్‌లో వీడియో నడుస్తానే ఉంది. నడవనీ అన్నట్టు దాన్నే చూస్తా మాట్లాడింది.

"నాకు గ్యాస్ ట్రబుల్ కాదు. పేగు జబ్బు, పేరు క్రోన్స్. రక్తం పడేది, రోజంతా బాత్రూంలోనే ఉండేదాన్ని. నా కణాలే తీసి పెంచి నాకు ఎక్కించినారు, అది ఇంకా పరీక్షే. పూర్తిగా బాగైనానని నేను చెప్పను. మందులు పారేయను. దేవునికి స్తోత్రం, డాక్టర్లకు స్తోత్రం. మీ ఇండ్లల్లో ఎవురికైనా ఇట్ల ఉంటే దాచుకోవద్దండి."

ఎవురూ ఆమేన్ అనలేదు. స్టాండు దగ్గరుండే అబ్బాయి ఫోన్ ఆపేసినాడు. శ్యాంసన్ నేల చూసినాడు. వెనకనుంచి ఎలీషబా ఒక్కతే ఆమేన్ అనింది. ఏడుపు గొంతే, కానీ గట్టిగా అనింది.

తర్వాత అందరూ కోడికూర తిన్నారు. శ్యాంసన్ రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. వాడి ఆకులో నేనే వడ్డించినా.

జూన్ 23, పొద్దున్నే

వెనకింటి మాలకొండమ్మ తన కూతురు మాధవిని తీసుకోని వచ్చింది. తలమీద కొంగు. స్టెల్లాతోనే మాట్లాడాలంట, ఇంకెవురూ వినకూడదంట.

ముగ్గురూ లోపల ఉండారు. నేను గడపకు అడ్డంగా కుర్చీ వేసుకోని కూర్చున్నా. ఏందని తొంగిచూడబోయిన ఇద్దరిని ఇప్పటికే వెనక్కి పంపించినా.