పాలు పొంగిన ఫోటో

ప్రియమైన సత్యకుమారికి,

మీ ఆయన బుల్లబ్బాయి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నువ్వు క్షేమమో కాదో నాకెలా తెలుస్తుంది చెప్పు? నిన్న నువ్వు పంపిన ఫోటోలు తెరిచాను. మొదటిది కిటికీ అద్దానికి అంటించిన ఉల్లిపాయ పొర. రెండోది ఎవరిదో గోడ మీద ఏదో నీడ. మూడోది ఏమిటో అటు తిప్పీ ఇటు తిప్పీ చూసినా అంతు చిక్కలేదు. చివరికి పక్క వాటాలో ఉండే ముత్తెమ్మ గారికి చూపిస్తే, "చేప పొలుసులండి బాబూ, సింకులో ఉన్నాయి" అంది. పెళ్ళాం మొహం చూద్దామని ఫోను తెరిస్తే చేప పొలుసులు! లోకంలో ఏ మొగుడికైనా ఈ యోగం పట్టిందా?

రైసు మిల్లు మోతలో చెవులు పోగొట్టుకున్నవాణ్ణి. ఫోనులో నువ్వు చెప్పేది నాకు సగమే వినపడుతుంది, వీధికి మాత్రం అంతా వినపడుతుంది. అందుకే కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి పంపుకుందామనుకున్నాం. అంతవరకూ బాగానే ఉంది. కిందటిసారి ఆ ఉత్తరానికి కూడా రంగులు మార్చావు. వందేళ్ళ నాటి కాగితంలా గోధుమ రంగు పులిమావు. అక్షరాలు కూడబలుక్కుని చదివేసరికి కళ్ళు కూడా పోయేలా ఉన్నాయి.

అసలు సంగతేమిటంటే, ఇల్లు పూర్తయింది. రంగులు కూడా వేసేశారు. పంతులుగారు వచ్చే నెల మొదట్లో ముహూర్తం పెట్టారు. అది తప్పితే మూఢం వచ్చేస్తుందట, ఆ తరవాత చాలాకాలం మంచి రోజులు లేవట. ఇద్దరం పీటల మీద కూర్చుని పాలు పొంగించాలి కదా. సెలవు అడిగావా? ఈసారి ఉల్లిపాయల సంగతి కాకుండా సెలవు సంగతి రాయి. నీ మొహం ఫోటో కూడా ఒకటి పంపు, నీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
నీ కోసం కళ్ళు కాయలు కాచిన బుల్లబ్బాయి


ప్రియమైన శ్రీవారికి,

గల్ఫులోని గలాలీ ఊరి నుంచి సత్యకుమారి నమస్కరించి రాయునది. ఈ ఉత్తరానికి ఏ రంగూ పులమలేదు, హాయిగా చదువుకోండి.

చేప పొలుసులని తెలియడానికి ముత్తెమ్మ గారు రావలసి వచ్చిందా? వాటి మీద పడ్డ ఎండ కనపడలేదా? ఒక్కో పొలుసూ ఒక్కో రంగులో మెరుస్తోంది. అది పట్టడానికి చెయ్యి కదపకుండా ఎంతసేపు వంగి నిలబడ్డానో! పైగా చేప మాడుతోందని వంటింట్లోకి వచ్చిన మేడం చేత తిట్లు కూడా తిన్నాను.

మీకెలా చెప్పాలో తెలియడం లేదు. ఈ ఇంట్లో రోజూ అదే సింకు, అవే గదులు, అవే మెట్లు. మొన్నమొన్నటి దాకా పొద్దున్నే వాటిని చూస్తే ఏడుపొచ్చేది. ఇప్పుడు ఎండ ఈవేళ ఎక్కడ పడుతుందా అని వెతుక్కుంటూ పనిలోకి దిగుతున్నాను. ఖర్జూరం గింజలు ఆరబోసినా, ఇసుక గాలికి కిటికీ అద్దం మసకబారినా, తుడిచే ముందు ఒక ఫోటో తీస్తాను. తీరిక దొరికినప్పుడు అక్కర్లేనిది కత్తిరించి, వెలుతురు కాస్త తగ్గించి చూసుకుంటాను. ఇది నేను చేసింది, దీన్ని ఎవరూ మళ్ళీ మురికి చేయలేరు అనిపిస్తుంది. మీకు పంపకపోతే ఇంకెవరికి పంపను?

సెలవు లేదు. మేడం గారి పెద్దమ్మాయి హమద్ టౌన్‌లో ఉంటుంది, ఆమెకు నెలలు నిండాయి. సల్మానియా ఆసుపత్రిలో పురుడయ్యాక తల్లీబిడ్డా ఇక్కడికే వస్తారు. "బేబీ వచ్చే టైములో వెళ్తానంటే ఎలా సత్యా? ఖలాస్, ఇంక ఆ మాట వద్దు, తరవాత చూద్దాం" అంది మేడం. నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఆవిడ మొగుడే, నా పాస్‌పోర్టు ఉన్నది ఆయన బీరువాలోనే. ఇంక ఎవరితో వాదించను?

కాబట్టి మీరు ముహూర్తం దాటించకండి, పాలు పొంగించేయండి. నా కోసం ఆగారంటే మాత్రం ఊరుకోను. ఆ కారే రేకుల కింద మీరు ఇంకో వానాకాలం గడపడం నాకిష్టం లేదు. ఒక్కటే మాట. మీ అన్నయ్యనీ వీరదుర్గ అక్కనీ మన పీటల మీద కూర్చోబెట్టకండి. నేను విమానం ఎక్కే రోజు ఆవిడ అన్న మాట మీరు మర్చిపోయారేమో గానీ నేను మర్చిపోలేదు. "పాచిపనికి పోయేదానికి మేడలెందుకే" అంది. ఆ ఇంటి ప్రతి ఇటుకా నా పాచిపనే. మీరొక్కరే కూర్చోండి, పక్క పీట మీద నా పెళ్ళి చీర పెట్టుకోండి. ఫోటో తీసి పంపండి. తీసే ముందు ఫోను అద్దం పంచెతో తుడవండి. కిటికీకి వీపు పెట్టి నిలబడి తీయించకండి, మనుషులు బొగ్గుల్లా వస్తారు.

ఇట్లు,
మీ సత్య


ప్రియమైన సత్యకు,

నీ మాట ప్రకారమే గృహప్రవేశం అయిపోయింది. పాలు బాగా పొంగాయి. పంతులుగారు సంతోషించారు. భోజనాల్లో వంకాయ కూర అందరికీ నచ్చింది.

నువ్వు లేని లోటు తెలియకుండా సెంటర్లో స్టూడియో ఆయన చేత నిన్ను కూడా పక్కన కూర్చోబెట్టించాను. ఫోటో పంపుతున్నాను. ఫ్రేము కట్టించమంటావా? ఎండ ఎక్కువగా ఉంది. ఉంటాను.

ఇట్లు,
బుల్లబ్బాయి


ప్రియమైన శ్రీవారికి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలవాటు కొద్దీ రాశాను.

ఎవరికండీ మీరు ఫోటోలు పంపేది? ఉల్లిపాయ పొర మీద వెలుతురు ఎటునుంచి పడిందో చూసుకునే మనిషికి! మొత్తం పెద్దది చేసి చూశాను. నా తల పాస్‌పోర్టు ఫోటోలోది. మొహానికి సున్నం కొట్టినట్టు తెల్లగా చేశాడు ఆ మహానుభావుడు. మెడ దగ్గర అతుకు కనపడుతోంది. ఒంటి మీద చీర నేను జన్మలో కట్టలేదు. ఇదంతా పోనీ అనుకున్నాను. ఆ చెయ్యి ఎవరిది?

పాలగిన్నె పట్టుకున్న ఆ చేతికి ఎర్ర గాజులు, మోచేతి దాకా గోరింటాకు. తెల్లగా బొద్దుగా ఉంది. సబ్బునీళ్ళలో నానే నా చెయ్యి అలా ఉంటుందా? వీరదుర్గ అక్కని పీట మీద కూర్చోబెట్టి, ఆనక ఆవిడ తల తీయించి నా తల పెట్టించారు. అవునా కాదా? పోనీ ఆవిడ కాదంటే మరి ఇంకెవరు? అది ఇంకా ఘోరం.

వద్దన్న ఒక్క పనే చేశారు. తప్పనిసరై చేశానని రాస్తే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. దానికి నా మొహం అతికించి నాకే పంపుతారా? ఈ వారమంతా ఒక్క ఫోటో తీయలేదు. ఎండ వచ్చినా ఫోను చేతిలోకి తీసుకోబుద్ధి కావడం లేదు. నాకు మిగిలిన ఒక్క సరదా కూడా మీ చేత్తో పాడుచేశారు.

మేడం కూతురికి మొన్ననే పురుడైంది. వాళ్ళ చంటిదాన్ని ఎత్తుకుని ఊపుతూ రాస్తున్నాను. ఆ పీట మీద కూర్చున్నదెవరో రాయండి. రాయకపోతే ఆ ఇంటి గడప నేను తొక్కను. మీ వదిన గారినే ఏలుకోమనండి.

ఇట్లు,
సత్యకుమారి


ప్రియమైన నా సత్యకు,

ఎంత తిట్టావే తల్లీ! చదివి చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ చెయ్యి ఎవరిదో నాకూ తెలియదు. ఒట్టు. నీ తల కింద ఉన్న ఒంటి గురించి అంత పరిశోధన చేశావు, పక్కన నన్ను ఒక్కసారి చూశావా? ఆ జరీ అంచు పట్టుపంచె నాకెక్కడిది? ఆ పొట్ట? బస్తాలు మోసిన ఒళ్ళు ఇది, నాకు పొట్ట ఎప్పుడుంది? మెడ దగ్గర అతుకు నాకూ ఉంది, చూసుకో. స్టూడియో ఆయన దగ్గర కాకినాడ దంపతులెవరివో గృహప్రవేశం ఫోటోలుంటే, అందులో ఒకటి తీసి రెండు తలలూ మార్చాడు. నీ చోట ఎవరున్నారో వెతికావు గానీ, నా చోట కూడా నేను లేను సత్యా.

పాలు పొంగలేదు. వంకాయ కూర కూడా అబద్ధమే.

ముహూర్తం రోజు తెల్లారి స్నానం చేసి, నీ పెళ్ళి చీర మడతపెట్టి పీట మీద పెట్టుకున్నాను. "చీరతో ఎలాగయ్యా, దంపతులుండాలి" అన్నారు పంతులుగారు. "ఏరా, మేం లేమేంటి?" అంటూ అన్నయ్య కండువా సర్దుకున్నాడు. వదిన అప్పటికే వచ్చి, "ఈ చీరేంటి మధ్యలో?" అని దాన్ని తీసి కిటికీలో పడేసింది. ఏమైందో తెలియదు, నాకు ఒళ్ళు మండిపోయింది. చెవిటివాడినని అందరికీ తెలుసు కదా, ఎవరేమన్నా వినపడనట్టే లేచాను. చీర తీసుకున్నాను, పొయ్యి ఆర్పాను, అందరినీ బయటికి పంపి ఇంటికి తాళం వేశాను. అన్నయ్య ఇప్పటికీ మాట్లాడటం లేదు. పంతులుగారు మూఢం మూఢం అని మొత్తుకుని ఊరుకున్నారు. నేనింకా రేకుల కిందే ఉన్నాను. వానొస్తే బకెట్టు, గిన్నె, చెంబు వరసగా పెడుతున్నాను.

నిజం రాద్దామంటే, ఆగితే ఊరుకోనన్నావు. నీ కోపానికి జడిసి ఆ స్టూడియోకి వెళ్ళాను. ఫోటోలు అంత బాగా చూడగలిగిన దానికి ఫోటోతోనే అబద్ధం చెప్పబోయాను, నా తెలివి అలా ఏడిసింది. నీ సరదా పాడుచేసినందుకు క్షమించు. మళ్ళీ తీయి. పొలుసులైనా, తొక్కలైనా, ఏదైనా పంపు, చూస్తాను.

నువ్వు లేకుండా ఆ ఇంట్లో పాలు ఎవరి కోసం పొంగాలి? నాకు నువ్వు కావాలి. ఇన్నేళ్ళలో ఈ మాట నోటితో అనలేదు, కాగితం మీద రాయలేదు. పురుడైపోయిందన్నావుగా, ఇంక గట్టిగా అడుగు. నువ్వు దిగిన రోజు మంగళవారమైనా, అమావాస్యే అయినా, ఆ రోజే మన ముహూర్తం.

నమ్మకం కోసం మన ఇంటి తాళం ఫోటో పంపుతున్నాను. పంచెతో తుడిచే తీశాను. పొద్దుటి ఎండ తాళం మీద పడి బాగుందనిపించింది. ఎన్నిసార్లు తీసినా మూలకి నా బొటనవేలు అడ్డం వస్తోంది. నువ్వు ఇలాంటివి ఇట్టే చెరిపేస్తావని తెలుసు. దాన్ని మాత్రం చెరపకు, అది నాదే.

ఇట్లు,
నీ బుల్లబ్బాయి