పిన్ని వెలిగించిన కాయిల్

నా మెకానిక్ చిట్టితల్లికి,

కుట్టుమిషను ముందు నుంచి పిన్ని ఆశీస్సులు. ఫోను చేద్దామంటే మీ బాబాయి చెవులు ఇక్కడే ఉంటాయి, అందుకే ఈ ఉత్తరం. మా కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, గడగడా వణుకుతోంది. ఎత్తు ఎక్కమంటే దగ్గుతోంది. "కారు వణుకుతోందండీ" అంటే, "కారుకేం, రాయిలా ఉంది" అని కసురుతారు. మళ్ళీ ఆ రాయినే నెలాఖరు ఆదివారం అమ్మేస్తానంటారు! పొద్దున్నే లేచి ముద్దుగా తుడుచుకునే కారు. అది పోతే ఆ మనిషి సగమైపోతారు. ఏదో ఒకటి చెయ్యవే.

ఇట్లు,
నీ పిన్ని

తా.క.: ఈమధ్య టీ కూడా నన్నే కప్పులో పొయ్యమంటున్నారు. వయసొచ్చేకొద్దీ గారం ఎక్కువైంది.

*

పిన్నికి నమస్కారాలు.

నువ్వు రాసింది చదువుతుంటే ఇంజను చప్పుడు చెవిలో వినబడింది. కారు తెచ్చేవాళ్ళెవరూ ఇంత బాగా చెప్పరు. ఒక సిలిండరు సరిగా మండట్లేదు, అంతే. ప్లగ్గులు, కాయిళ్ళు మార్చేస్తే సరిపోతుంది.

నీ మెకానిక్

తా.క.: ఆ ఆదివారం దాకా తాళం దాచెయ్.

*

అమ్మలూ,

చెప్పినవన్నీ చేశాను. సిలిండర్లు రెండూ చూశాను, పొయ్యి మంట నీలంగా నిక్షేపంలా ఉంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఇంట్లో ప్లగ్గులన్నీ మార్పించాను. కారులో కొత్త కాయిల్ వెలిగించి తలుపులు మూశాను. ఒక్క దోమ మిగల్లేదు. వణుకు మాత్రం అలాగే ఉంది. మీ బాబాయి ఆ పొగ చూసి బకెట్టుడు నీళ్ళు కుమ్మరించారు.

నీ పిన్ని

తా.క.: తాళం దాచాను. ఎక్కడో గుర్తుకొస్తే రాస్తాను.

*

పిన్నీ!

నీ ఉత్తరానికి మా వర్క్‌షాపులో పని ఆగిపోయింది, నవ్వలేక చచ్చాం. తప్పు నాదేలే. ఆ సిలిండర్లు ఇంజను లోపల ఉంటాయి. ప్లగ్గులు, కాయిళ్ళు, పానా పార్సిల్లో పంపాను. ఇంజను చల్లారాక బానెట్ ఎత్తు. పైన వరసగా నల్లటి కాయిళ్ళుంటాయి. వైరు ఊడదీసి, బోల్టు విప్పి, కాయిల్ పైకి లాగితే అడుగున ప్లగ్గు ఉంటుంది. ఒకటి పూర్తయ్యాకే రెండోది ముట్టుకో. కొత్త ప్లగ్గును ముందు వేళ్ళతోనే తిప్పు, మర కుదిరిందో లేదో వేళ్ళకే తెలుస్తుంది. కళ్ళద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించే చేతులు నీవి. నీకు భయమేంటి?

నీ మెకానిక్

తా.క.: అగ్గిపెట్టె దగ్గర పెట్టుకోకు.

*

బంగారు తల్లీ,

తాళం పిండి డబ్బాలో దొరికింది. ఆయన బజారుకెళ్ళినప్పుడు అన్నీ మార్చేశాను. ఒక పాత ప్లగ్గు మసిబారి బొగ్గులా ఉంది. అదే దొంగ.

అనుకున్న ఆదివారం కొనేవాడొచ్చాడు. మీ బాబాయి తాళం తిప్పారు. కొత్త బెల్టు వేసిన కుట్టుమిషనులా హాయిగా నడిచింది ఇంజను. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

"వణకట్లేదే!" అన్నారు.

"అందుకేగా బాగుచేశాను. కారు..."

"కారు కాదే, నా చేతులు!"

ఇన్నాళ్ళూ తన చేతులే వణుకుతున్నాయనుకున్నారట పిచ్చి మారాజు. కారు వణుకుతోందని నేనంటే, తను నొచ్చుకుంటారని నెపం కారు మీదకి తోస్తున్నాననుకున్నారట! ఆ భయంతోనే అమ్మకం, ఆ భయంతోనే టీ పొయ్యకపోవడం. నేను గారమనుకున్నాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. నువ్వు బాగుచేసింది కారునొక్కదాన్నే కాదే.

ఆయనే టీ పోశారు, సాసరులో చుక్క పడలేదు. కొనేవాడు కడుపునిండా తాగి, ఉత్తచేతులతో వెళ్ళాడు.

నీ పిన్ని

తా.క.: మా ఆవిడే చేసిందని మీ బాబాయి వీధంతా చాటేశారు. ఇప్పుడు ఎవరి కారు దగ్గినా నన్నే పిలుస్తున్నారు. ఎవరింట్లో దోమలున్నా నన్నే.