కిటికీ గట్టు మీద నీలం మగ్గు

సెప్టెంబర్ 17, బుధవారం

కోవెంట్రీ. మేడ మీద వెనక గది. పెట్టె జిప్పు మెట్ల మీదే తెగింది. పచ్చడి డబ్బా, లోపలి బట్టలు, అమ్మ కారం ప్యాకెట్లు కుక్కి పెట్టిన ఎర్ర ప్లాస్టిక్ మగ్గు — అన్నీ దొర్లుకుంటూ కిందికి. పక్క గది అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఏరి ఇచ్చింది. మారిసెల్. ఫిలిప్పీన్స్ నుంచి. తనూ మొన్ననే దిగిందట, పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్. నవ్వుతూ ఒక్కొక్కటే అందించింది. ఏమేం చూసిందో ఏమో.

స్వప్నక్క ఫోన్. రెండేళ్లుగా ఇక్కడుంది, మా కరీంనగరే, ఈ గది వెతికిపెట్టిందీ తనే. "ఎవల్నీ నమ్మకు. ముఖం మీద నవ్వుతరు, ఎన్కనించి ఏజెంటుకు మెయిల్ కొడ్తరు."

సరే.

సెప్టెంబర్ 18, గురువారం

ముగ్గురికీ ఒకటే బాత్రూమ్. షవర్ బటన్ ఎంత నొక్కినా చుక్క రాదు. సీలింగ్ నుంచి ఒక తాడు వేలాడుతోంది. లాగను. విమానంలో పక్క సీటబ్బాయి చెప్పాడు — యూనివర్సిటీ బాత్రూమ్‌లో ఎవరో తాడు లాగితే అలారం మోగి సెక్యూరిటీ వచ్చాడట, పాపం ఆ లాగినవాడు సబ్బు నురగతోనే సమాధానం చెప్పాడట.

సింక్‌లో వేడి కుళాయి వేరు, చల్లది వేరు. రెండూ కలిపి నింపి, పక్కనే నిలబడి మగ్గుతో పోసుకున్నాను, ఇంట్లోలాగే. ప్రాణం లేచొచ్చింది. నేలకి తూము లేదని ఆ తర్వాత చూశాను… తువ్వాలుతో ఒత్తి పిండాను. మగ్గుని సంచిలో పెట్టి, పైన బట్టలు కప్పి, దొంగ సరుకులా గదికి తెచ్చుకున్నాను.

సెప్టెంబర్ 20, శనివారం

మారిసెల్ రోజూ అడుగుతుంది — "తిన్నావా?" పొద్దున, మధ్యాహ్నం, కెటిల్ దగ్గర, మెట్ల దగ్గర. అమ్మ అడిగితే అది అమ్మ. ఈమెకెందుకు? ఫ్రిజ్‌లో నా అరలో ఏముందో లెక్కేసుకుంటోందా?

పైగా ఏదడిగినా నోరు విప్పదు. కనుబొమ్మలు ఎగరేస్తుంది. నువ్వు కూడా కొత్తేనా అంటే కనుబొమ్మలు. చలిగా ఉందా అంటే కనుబొమ్మలు. వెటకారమా అని రెండు రోజులు ఉడుక్కున్నాను. వాళ్ల దగ్గర అవును అనడమట అది.

సెప్టెంబర్ 21, ఆదివారం

మూడు రోజులుగా సింక్ స్నానమే.

ఈరోజు బాత్రూమ్ కిటికీ గట్టు మీద పొడుగు పిడి ఉన్న నీలం మగ్గు. మారిసెల్‌ది. అందరికీ కనపడేట్టు, మహారాణిలా కూర్చుంది. వాళ్ల దేశంలోనూ బాత్రూమ్‌లో ఇదేనా? లేక నాది చూసి, నేనూ బయటపెడతానేమోనని పెట్టిందా?

నాది బీరువాలోనే.

సెప్టెంబర్ 22, సోమవారం

మెట్ల దగ్గర మారిసెల్, మెల్లగా: "ఆ తాడు లాగు. వేడి నీళ్లొస్తాయి. అది షవర్ స్విచ్చు, అలారం కాదు."

నేను లాగలేదని ఈమెకెలా తెలుసు? గోడకి చెవి ఆనించి వింటోందా?

లాగాను. వేడి నీళ్లొచ్చాయి. ఆమె చెప్పిందే నిజమైనందుకు ఇంకా ఒళ్లు మండింది.

సెప్టెంబర్ 23, మంగళవారం

వంటగది సీలింగ్‌లో గోధుమరంగు మరక. సరిగ్గా బాత్రూమ్ కింద. దోసె అంత ఉంది. కింది గది హ్యారీ తన సీరియల్ గిన్నె మీద చుక్క పడిందని ఫొటో తీసి ఇంటి గ్రూప్‌లో పెట్టాడు. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంట్‌ని కూడా అందులో చేర్చాడు.

నేను దాని కింద థంబ్స్ అప్ బొమ్మ పెట్టాను. ఎందుకు పెట్టానో.

సెప్టెంబర్ 24, బుధవారం

ఏజెంట్ మెయిల్. ఎవరో బాత్రూమ్ నేల మీద నీళ్లు పారబోస్తున్నారు. బాధ్యులు ఈ నెలాఖరుకి గది ఖాళీ చేయాలి. రేపు వచ్చి మాట్లాడతాడట.

సెప్టెంబర్‌లో ఈ ఊళ్లో గది దొరకడమా? క్లాసులో సగం మంది ఇంకా ఎవరో ఒకరి సోఫా మీదే ఉన్నారు. నన్ను పంపేస్తే ఎక్కడికి పోతాను? ఈ ఒక్క గది కోసం స్వప్నక్క ఎంత తిరిగిందో.

మరక పెద్దదవుతోందా, నా కళ్లా?

సెప్టెంబర్ 25, గురువారం

ఏజెంట్ వచ్చాడు. బాత్రూమ్‌లోకి వెళ్లి, నీలం మగ్గు పట్టుకుని వంటగదిలోకి దిగాడు. "ఇదెవరిది?"

మారిసెల్ కనుబొమ్మలు ఎగరేసింది. అతనికి అర్థం కాలేదు. "నాదే," అంది.

"అయితే నీళ్లు పోసింది నువ్వే."

మారిసెల్ నా వైపు చూసింది. ఎంతసేపు… చాలాసేపు. నా చేతిలో టీ కప్పు. ఖాళీ కప్పుని తాగుతూనే ఉన్నాను.

"నేను నేల మీద పోయలేదు," అంది చివరికి. అంతే అంది. అతను ఏదో రాసుకున్నాడు. సోమవారం పదకొండింటికి మారిసెల్ తాళం చెవి అప్పగించాలట.

నేను ఏమీ అనలేదు. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా రాయను, అందుకని — నేను ఏమీ అనలేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

స్వప్నక్క: "మంచిగైంది, నీ మీదికి రాలే. నోరు మూస్కొని ఉండు."

మూసుకునే ఉన్నాను అక్కా.

కానీ నాకు అంతుపట్టని సంగతి — ఆ రోజు మెట్ల మీద నా ఎర్ర మగ్గు ఏరి చేతికిచ్చింది ఈమే కదా. నాకూ ఒకటుందని తెలుసు. వేలు చూపిస్తే అయిపోయేది. ఎందుకు చూపలేదు? రేపు నన్నేం అడగబోతోంది? ఊరికే ఎవరు చేస్తారు ఇలా?

సెప్టెంబర్ 27, శనివారం

మారిసెల్ సామాను సర్దుకుంటోంది. వాళ్ల పిన్ని లండన్ దగ్గర వాట్‌ఫర్డ్‌లో ఆసుపత్రి నర్సు. ఆవిడ గదిలో నేల మీద పడుకుని, రోజూ రైల్లో క్లాసులకి వస్తుందట. తొమ్మిదింటి క్లాసుకి చీకట్లోనే బయలుదేరాలి. చెబుతూ నవ్వింది. ఈసారి ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికి రమ్మంది. చిన్న గిన్నెలో అన్నం, పైన వేయించిన ఎండు చేప. అచ్చం మా నాయనమ్మ ఇంటి వాసన. "తిన్నావా?"

తిన్నానని అబద్ధం చెప్పాను. అయినా చెంచా నా చేతికిచ్చింది.

"మా అమ్మ కూడా అంతే," అంది. "మగ్గు ఖాళీగా పోకూడదని ఈ ఎండు చేపలు కుక్కి పంపింది. మీ అమ్మ కారం పెట్టింది కదా, ఎర్ర దాంట్లో."

చెంచా గిన్నెలో పెట్టేశాను. అడిగేశాను. మరి ఎందుకు చెప్పలేదు?

తను బట్టలు మడత పెడుతూనే, తల ఎత్తకుండా — "నువ్వు చెబుతావనుకున్నాను."

సెప్టెంబర్ 28, ఆదివారం

అమ్మ ఫోన్. "తిన్నవా బిడ్డా? పక్క రూంల పిల్ల మంచిదేనా?"

మంచిదే అన్నాను.

"ఇంకేంది మరి, ఇద్దరు కలిసి ఉండుండ్రి."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. చదువు మొదలై వారమైనా కాలేదు, అప్పుడే నేనేంటో నాకు తెలిసిపోయింది.

సెప్టెంబర్ 29, సోమవారం

పదిన్నర. వాన. మారిసెల్ పెట్టెలు మెట్ల మొదట్లో ఉన్నాయి. నీలం మగ్గు ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది. మరిచిపోయిందా, వదిలేసిందా?

వచ్చిన రోజు నుంచి ఈ ఇంట్లో అందరినీ అనుమానించాను. హ్యారీని, ఏజెంట్‌ని, గోడల్ని, తాడుని. ఇప్పుడు ఒక్కరి మీదే ఉంది అనుమానం — నా మీద. తీరా ఏజెంట్ ఎదురుగా నిలబడ్డాక ఈ మనిషి నోరు తెరుస్తుందా?

పది నలభై అయిదు. స్వప్నక్క మెసేజ్ రెండుసార్లు వచ్చింది. తెరవలేదు.

ఎర్ర మగ్గు బీరువాలోంచి తీశాను. అడుగున ఇంకా కొంచెం కారం అంటుకుని ఉంది. సంచి వెతకబోయి ఆగాను.

బెల్ మోగింది. ఏజెంట్ ముందే వచ్చాడు. మారిసెల్ గది తలుపు తెరుచుకుంది, మెట్లు దిగుతోంది. మగ్గు ఈ పుస్తకం పక్కనే ఉంది, పిడి నా వైపు తిరిగి —