బొమ్మ చొక్కా కాలరు

అమ్మకు నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, నీ కుట్టుమిషనూ అక్కడ క్షేమమని తలుస్తాను. మోకాలి నొప్పి సంగతి కిందటి ఉత్తరంలో నువ్వు రాయలేదు. రాయలేదంటే తగ్గలేదనే నా అనుమానం.

బొమ్మకు చొక్కా సరిపోయిందా అని అడిగావు. అతికినట్టు సరిపోయింది. జానెడు బొమ్మకు బొత్తాలతో సహా కుట్టావని మా డైరెక్టరు అందరికీ చూపించాడు. నువ్వు బొమ్మలాట అంటావు గానీ దీన్ని స్టాప్ మోషన్ అంటారు. ఇప్పుడా ముసలి పోస్ట్‌మ్యాన్ బొమ్మ మెట్లెక్కుతోంది. వేలి కొసతో కాలు కాస్త జరపడం, చెయ్యి పక్కకు తీయడం, ఒక ఫొటో. మళ్ళీ జరపడం, మళ్ళీ ఫొటో. పన్నెండు ఫొటోలైతే తెరమీద ఒక్క సెకను. పొద్దస్తమానం నడుం విరిగేలా వంగితే నాలుగు మెట్లు ఎక్కుతుంది.

కాలరు జరిపే దొంగ దొరికాడా అనీ అడిగావు. రెండు వారాలుగా మధ్యాహ్నం భోజనం తర్వాత తీసే మొదటి ఫొటోలో బొమ్మ కాలరు జరిగి ఉంటోంది. వెంట్రుకవాసి తేడాయే. కానీ ఫొటోలన్నీ వరసగా తిప్పి చూస్తే మెడ దగ్గర గభాలున ఎగురుతుంది. ఆ పూట పనంతా మళ్ళీ మొదటికి. నాకు అందరిమీదా అనుమానమే. రంగులు వేసే అమ్మాయి నవ్వితే ఎందుకు నవ్విందని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని. ఈ గుణం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో నిన్ను అడగక్కర్లేదు.

చివరికి నా అనుమానం లైట్లు చూసే పెద్దాయన మీద నిలిచింది. వెలుతురు మారకూడదని ఆయన భోజనం కూడా బొమ్మ ఉన్న గదిలోనే కూర్చుని చేస్తాడు. ఇంకెవరు ముట్టుకుంటారు?

ఇంతసేపూ నాన్చిన మాట ఇప్పుడు రాస్తున్నాను. డైరెక్టరుతో ఆయన పేరు చెప్పింది నేనే. మంగళవారం ఆయన్ను రావద్దన్నారు. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం కాలరు మళ్ళీ జరిగింది.

గురువారం భోజనానికి వెళ్తూ, సెకనుకో ఫొటో తీసేలా కెమెరాను పెట్టి వెళ్ళాను. సాయంత్రం తిప్పి చూస్తే అరగంటసేపు బొమ్మ ఒంటరిగా నిలబడి ఉంది. చివర్లో ఒక చెయ్యి వచ్చింది. రెండు వేళ్ళతో కాలరు కిందికి లాగి, భుజం తట్టి వెళ్ళిపోయింది. బొటనవేలి మీద నీ ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. అది నా చెయ్యేనమ్మా. బడికి బయలుదేరేముందు రోజూ నువ్వు నాకు సర్దినట్టే సర్దాను. నాకు తెలియనే తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ఫొటోలు డైరెక్టరుకు చూపించి, పెద్దాయన ఇంటికి వెళ్ళాను. "మీరు సర్దడం రోజూ చూసేవాణ్ణమ్మా. అదీ పనిలో భాగమే అనుకున్నాను" అన్నాడు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే, నా తప్పు మీ మీదికి తోస్తున్నానని అనేవారు కాదూ?"

అనేదాన్నే. సోమవారం నుంచి రమ్మని బతిమాలాను. చూస్తానన్నాడు. వస్తానని మాత్రం అనలేదు.

నీ చిన్న కత్తెర పోయిందని, ఇస్త్రీ చేసే ఆవిడ మీద నీకు అనుమానంగా ఉందని రాశావు. ఆవిడను ఏమీ అనొద్దు. ముందు నీ మిషను సొరుగు, దిండు కింద, కళ్ళజోడు పెట్టె వెతుకు. ఈపాటికే అనేసి ఉంటే, మోకాలు నొప్పయినా సరే, ఆవిడ ఇంటిదాకా నడిచి వెళ్ళు.

ఇట్లు,
అన్నిట్లో నీ పోలికే వచ్చిన
నీ కూతురు